భాగీరథి కథకు ముగింపు

బీదర్ పక్కనున్న కొల్హార్‌లో, ఒక ఫ్యాక్టరీ షెడ్డులో పగలంతా నిలబడి సీసాలకు మూతలు బిగించే పని భాగీరథిది. షిఫ్టు వదలగానే బీదర్ ఆటో ఎక్కి కూలబడుతుంది. కాళ్ళు తిమ్మిరెక్కి ఉంటాయి. అయినా పక్కనున్న ఆడవాళ్ళు ఊరుకోరు.

"అక్కా, నిన్న యాడ ఆపినవ్?" అంటుంది హన్మమ్మ.

భాగీరథి కథలు చెప్పడం ఎక్కడా నేర్చుకోలేదు. ఒక మనిషి కావాలి. ఆ మనిషి దేనికోసమో తపించాలి. అది దొరక్కుండా ఏదో అడ్డు పడాలి. మిగతాది ఆటో నడిచినంతసేపూ నడుస్తుంది. వినేవాళ్ళు ఊఁ కొట్టడం మానేస్తే మాత్రం ఆగిపోతుంది.

ఈ వారమంతా నీలవ్వ కథ. మొగుడి దెబ్బలు పడలేక పుట్టింటికి వచ్చేసిన పిల్ల. అందరికంటే గట్టిగా ఊఁ కొడుతున్నది ప్రేమల. పనిలో కొత్తగా చేరింది. ఇంట్లో కన్నడం, బయట కొంచెం తెలుగు. ఆమె కూడా మొగుణ్ణి వదిలి అన్న ఇంట్లో ఉంటున్నది. రేపు అత్తింటివాళ్ళు పెద్దమనుషులను వెంటబెట్టుకొని తీసుకుపోవడానికి వస్తున్నారని ఆటో ఎక్కేటప్పుడే చెప్పింది.

"ఇయ్యాల కతం జెయ్యి అక్కా. నీలవ్వ ఏం జేసిందో నాకు ఎరుక కావాలె."

"కథ ఇని కాపురం సంగతి తేల్చుకుంటవా, పిచ్చిదానా? మీ అన్నను అడుగు," అంది హన్మమ్మ.

"అడిగిన. పెద్దోళ్ళు ఏమంటే అదే అన్నడు."

భాగీరథికి ముగింపు తోచలేదు. నీలవ్వను ఊరు దాటించాలంటే ఇంకో మనిషిని తేవాలి, ఇంకో చోటు చూపాలి, పని ఇప్పించాలి. ఓపిక లేదు. కాపురానికి పంపేస్తే ఒక్క మాటతో అయిపోతుంది. అమ్మ చెప్పిన కథలన్నీ అలాగే అయిపోయేవి.

"పెద్దమనుషులు కూసున్నరు," అని మొదలుపెట్టింది. "మొగుడొచ్చిండు. అత్తొచ్చింది. 'ఏం పిల్లా, నీ మాటేంది?' అని అడిగిన్రు. నీలవ్వ లేసి నిలబడ్డది. ఒక్కటే మాటన్నది. ఇల్లు."

మొగుడి ఇల్లే తన ఇల్లన్నదని చెప్పబోయింది. ఇంతలో ఆటో గుంతలో పడి ఇంజను అరిచింది.

"ఇల్ల అన్నదా!" ప్రేమల సీట్లోంచి లేచినంత పని చేసింది. "అంత మందిల నిలబడి ఇల్ల అన్నదా?"

కన్నడంలో ఇల్ల అంటే లేదు, కాదు. సంగతి అర్థమై హన్మమ్మ నవ్వు ఆపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఓ పిల్లా, ఆమె అన్నది..."

భాగీరథి హన్మమ్మ మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది.

"అన్నది," అంది ప్రేమలతో.

"మల్ల పెద్దోళ్ళు ఊకున్నరా?"

ఊకున్నరంటే అబద్ధమవుతుంది, కథలోనైనా సరే.

"యాడ ఊకుంటరు? మస్తు తిట్టిన్రు. అన్న గూడ తిట్టిండు. ఎన్ని తిట్టినా మల్ల అదే మాట."

 ప్రేమల పెదవులు కదిలాయి. ఆ మాటను లోలోపల అని చూసుకుంటున్నట్టుంది.

భాగీరథి కళ్ళు మూసుకుంది. ఇప్పుడు నీలవ్వకు ఉండడానికి చోటు వెతకాలి. ప్రేమలకు కూడా. తన గది చూస్తే ఒక్క మంచానికే సరిపోతుంది.

"బిడ్డా," అంది కళ్ళు తెరవకుండానే, "రేపు పొద్దుగాల నేను గూడ వస్త మీ ఇంటికి. షిఫ్టు పోతే పోనీ."