రాయికి ముఖం ఎటువైపు?

కోవిడ్ మాస్కులు మూతి మీంచి మెడకు దిగిన ఏడాది, వేసవి మొదట్లో, కళింగపట్నానికి దక్షిణంగా ఉన్న ఒక చిన్న జాలరిపేటకు నన్ను సర్వేకి పంపారు. ఒడ్డు నుంచి సముద్రంలోకి చొచ్చుకుపోయిన రాతిగుట్ట అక్కడుంది. అలలు తొలిచి తొలిచి దాని మధ్యలో పెద్ద కన్నం చేశాయి. అడుగున కెరటం కొరికేసిన గుంటను మా భాషలో నాచ్ అంటాం. అది ఎంత లోతుకు పోయిందో, పైరాయి ఇంకెన్నాళ్ళు నిలుస్తుందో చెప్పడం నా పని.

మూడు రోజులు టోటల్ స్టేషన్‌తో, అంటే దూరాలూ కోణాలూ కొలిచే యంత్రంతో, ఒడ్డునే నిలబడి కొలిచాను. రోజూ అప్పన్న తాత చేతికర్రతో వచ్చి ఇసుకలో కూర్చుని చూసేవాడు. తుంటి విరిగి వేటకు దూరమైన మనిషి. మూడో రోజు నేను గీసిన బొమ్మ చూపించి, "ఇదీ తాతా, మీ రాయి ముందువైపు" అన్నాను, కాస్త గొప్పగానే.

"ముందేటి పాపా? ఈపు గీసినావు. దాని ముకం సంద్రం ఏపు కదేటి ఉన్నాది!"

నా పదిహేనేళ్ళ సర్వీసు గాలికి పోయింది. నేను నేల మీంచి చూసేదాన్ని. ఆ పేటవాళ్ళు సముద్రం మీంచి చూస్తారు. వేట నుంచి తిరిగొచ్చేటప్పుడు, ఆ కన్నంలోంచి వెనకున్న కొండ కొన కనబడే దాకా పడవను జరిపి, అప్పుడు తిన్నగా ఒడ్డుకు పట్టిస్తారట.

"కన్నంలో కొండ అవుపించిందంటే ఇంటికొచ్చీసినట్టే" అన్నాడు తాత.

మర్నాడు పడవ మాట్లాడుకున్నాను. నేను వెళ్ళేసరికే తాత ఉతికిన చొక్కా తొడుక్కుని ఒడ్డున ఉన్నాడు.

"నన్నూ ఎక్కించుకో పాపా. ఒక్కపాలి సూసీసి వచ్చెస్తాను. మా కుర్రోళ్ళు ఏటకెల్తారు, నన్నెవులు తీసుకెల్తారు?"

సర్వే పడవలో బయటివాళ్ళను ఎక్కించకూడదు. పైగా ఆ తుంటితో. "వానలు తగ్గాక మళ్ళీ వస్తాను తాతా, అప్పుడు తప్పకుండా తీసుకెళ్తా" అన్నాను. కాదనడం కన్నా వాయిదా వేయడం తేలిక.

"అందాకా రాయి ఆగుతాదా?"

నాచ్ కొలిచినదాన్ని నేనే. అంత నమ్మకం నా కాగితాల్లో లేదు. అయినా "ఆగుతుంది" అన్నాను.

నేనూ, నా సహాయకుడూ, పడవవాడూ సముద్రంలో కొంతదూరం పోయి పడవ తిప్పగానే, కన్నంలోకి కొండ వచ్చి కూర్చుంది. నాది కాని ఊరిని చూసి ఇల్లు చేరినంత ఊరట కలిగింది నాకు. ఫొటో తీసుకున్నాను.

ఆ వానల్లోనే పైరాయి కూలింది. మళ్ళీ కొలవమని పంపితే, ఫొటో పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి పట్టుకెళ్ళాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. తాత కన్నం మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు.

"కొండ బాగానే అవుపిస్తంది. పడవే ఊగట్నేదు పాపా."

ఆ మాటలో కోపం లేదు. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు ఏ తీరానికి వెళ్ళినా, యంత్రం దించేముందు, దీన్ని ఎక్కణ్ణించి చూడాలని అక్కడి పెద్దవాళ్ళను అడుగుతాను. చూడాలనుందన్నవాళ్ళకు అనుమతి రాయించి, లైఫ్ జాకెట్ తొడిగి తీసుకెళ్తాను. ఆ కాగితానికి ఒక్క పూట చాలని నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు మా పడవలో నలుగురికి చోటుంది. వెళ్ళింది ముగ్గురమే.