తవుడిచ్చి కొన్న మేనత్త

మా వైపు పిల్లలు మారాం చేస్తే పెద్దవాళ్లు ‘నిన్ను తవుడిచ్చి కొన్నాం’ అంటారు. అందరూ అనే మాటే, ఎవరూ నమ్మరు. నేను మాత్రం మా మేనత్తను ఏడిపించడానికి ఆ మాటకు కాళ్లూ చేతులూ మొలిపించాను. మా తాత అనుమసముద్రంపేట దర్గా దగ్గర ఒక గాజులవాడికి రెండు బస్తాల తవుడిచ్చి ఆమెను తెచ్చాడనీ, ఆమె ఏడుపుకు బెదిరిన బండి ఎద్దులు కలిగిరి దాకా ఆగలేదనీ టీ అంగడి దగ్గర ఇరవై ఏళ్లు చెప్పాను. అత్త కూడా విని నవ్వేది.

నాయనమ్మ పోయిన రెండేళ్లకు తాత పోయాడు. వీలునామా లేదు. మిగిలింది మూడెకరాల మెట్ట, ఒక ఇల్లు. మామ పోయినప్పటి నుంచి అత్త ఆ ఇంటి వెనక గదిలోనే ఉంటోంది. “కొడుక్కెంతో కూతురికీ అంతే. మీ నాయనకు సగం, మీ అత్తకు సగం” అన్నాడు ఆత్మకూరు వకీలు. ముందు వారసుల సర్టిఫికెట్ కావాలన్నాడు.

దానికోసం విచారణకు వచ్చిన వీఆర్వో ఎదురింటి పెద్దాయనను సాక్షిగా పిలిచాడు. ఆయన మా ఊరికి ఇల్లరికం వచ్చినవాడు. మా ఇంటి పాత కథలన్నీ నా నోటి నుంచి విన్నవే.

“కొడుకు ఒక్కడే సార్. ఆమెను తవుడిచ్చి తెచ్చినారు.”

“అంటే పెంచుకున్నారా?”

“ఏమో సార్. ఎద్దులు మాత్రం కలిగిరి దాకా ఆగలేదంట.”

అత్త పేరు దగ్గర వీఆర్వో పెన్ను ఆగిపోయింది. అది నేను కల్పించిన కథ అన్నాను.

“ఇరవై ఏళ్లు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా?” అన్నాడు పెద్దాయన.

వకీలుకు ఫోన్ చేశాను. దత్తత చట్టప్రకారం జరిగుంటే వాటా ఉంటుంది, ఊరికే పెంచుకుంటే ఉండదన్నాడు. “ఇంతకీ ఆమె ఎవరి బిడ్డ?” అని అడిగాడు. నేను కల్పించిన గాజులవాడి మీసమే నా కళ్లముందు కనిపించింది.

నాయన వసారాలో మంచం నవారు బిగిస్తూ కూర్చున్నాడు. చింతపండు గింజలు తీస్తున్న అత్తే తలెత్తింది. “రాసుకోండి సార్, నన్ను తవుడుకే కొన్నారు. మా అన్ననూ తవుడుకే కొన్నామని మా అమ్మ చెప్పేది. ఆయన ఒక్క బస్తాకే వచ్చినాడంట. ఆ పేరు కూడా కొట్టేసి, ఈ ఇల్లు ఎవరిదో మీరే చెప్పండి.”

నాయన నవారు వదిలి లేచాడు. “నా చెల్లెలు సార్. అది పుట్టేటప్పుడు మంత్రసానిని పిల్చుకోనొచ్చింది నేనే. ఎక్కడ సంతకం పెట్టమంటారు?”

సర్టిఫికెట్ ఇద్దరి పేర్లతో వచ్చింది. అత్త గది అత్తకే ఉంది. నాకు మాత్రం ఒకటి తేలలేదు. నాయనకూ అత్తకూ తేడా మూడేళ్లే. మూడేళ్ల పిల్లవాడు మంత్రసానిని ఎట్లా పిలుచుకొచ్చాడు? అడిగితే నాయన, “దోవలో ఎద్దులు బెదిరినాయిరా” అన్నాడు.