చల్లగాలి ఊదిన హీటరు

అందరూ ఆమెను వ్యానక్క అంటారు, ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా. మూత్రపిండాలు చెడిపోయి డయాలసిస్ చేయించుకునేవాళ్ళను రోజు విడిచి రోజు ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని ఆసుపత్రిలో దింపడం, పని అయ్యాక మళ్ళీ ఇళ్ళకు చేర్చడం ఆమె ఉద్యోగం. అంతకుముందు ఆ వ్యాను తోలింది ఆమె భర్త. ఒక పొద్దున పళ్ళు తోముకుంటూ ఉండగా ఆయన చేతిలోంచి బ్రష్షు జారిపోయింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట మాత్రం కొన్నాళ్ళకు తిరిగొచ్చింది. "ఆ మాటొక్కటీ పూర్తిగా వచ్చేసింది" అని వ్యానక్క చుట్టాలతో అనేది. అందులో సంతోషం సగం, ఎత్తిపొడుపు సగం.

ఆయన మేడమీది గదిలో కిటికీ పక్కన కూర్చుని కింద వీధిలో వ్యాను వచ్చే చప్పుడు వినేవాడు. ఆమె మెట్లెక్కి వచ్చేసరికి తీర్పు సిద్ధంగా ఉండేది. "మలుపులో గేరు దించలేదు." "క్లచ్ మీద కాలు పెట్టి తోలుతున్నావు." ఆమె చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని, ఆయనకు స్నానం చేయించి, అన్నం కలిపి పెట్టేది. జవాబు చెప్పడానికి కూడా ఓపిక ఉండాలి కదా.

ఆ వేసవిలో వ్యాను వేడెక్కడం మొదలుపెట్టింది. మొదట ఒక రబ్బరు పైపు చిట్లి నీళ్ళన్నీ రోడ్డు పాలయ్యాయి. మెకానిక్ కొత్త పైపు వేసి, నీళ్ళు నింపి, మూత బిగించి పంపించాడు. ఆ తర్వాతే అసలు కథ మొదలైంది. కాసేపు బాగానే నడిచేది. వంతెన ఎక్కేసరికి టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత వైపు పాకేది. పక్కకు ఆపి, చల్లారేదాకా కూర్చుని, నీళ్ళు పోసి, మళ్ళీ బయలుదేరాలి. మెకానిక్ రేడియేటర్ విప్పి కడిగాడు. ఫ్యాను చూశాడు. నీళ్ళను ఆపి వదిలే థర్మోస్టాట్ మార్చాడు. ఏది మార్చినా వంతెన దగ్గర అదే తంతు.

"అక్కా, బండి పాతదైపోయింది. మనిషిలాగే. ఎక్కడని పట్టుకుంటాం?" అన్నాడు మెకానిక్. షెడ్డులో అతని కోసం ఇంకో నాలుగు బళ్ళు ఎదురుచూస్తున్నాయి.

మేడమీద భర్త మాట మాత్రం మారలేదు. "నా చేతిలో ఉన్నన్నాళ్ళు ఒక్కరోజు కాగలేదది. తోలే తీరులో ఉంది."

ఆ రాత్రి ఆమె పక్క గదిలో చాప వేసుకుని పడుకుంది.

వ్యానులో ఎక్కేవాళ్ళలో చివరగా దిగేది ఒక ముసలి టైలరు. ఆమె ఆయన్ని బాబాయ్ అని పిలిచేది. ఒక మధ్యాహ్నం తిరుగుదారిలో మిగతావాళ్ళందరూ దిగిపోయాక, వంతెన మొదట్లో వ్యాను మళ్ళీ కాగింది. ఆమె పక్కకు ఆపి, బానెట్ ఎత్తి, రేడియేటర్ మూత జోలికి పోకుండా నీడలో నిలబడింది. అంతకుముందొకసారి తొందరపడి తిప్పబోయి ముంజేయి కాల్చుకుంది.

"నీ బండికీ నాకూ నీళ్ళ దగ్గరే వచ్చిందమ్మా తంటా" అన్నాడు టైలరు కిటికీలోంచి. "దానికి తక్కువైతే కష్టం, నాకు ఎక్కువైతే కష్టం. ఇద్దర్నీ కలిపి కలియబెడితే సరిపోను."

ఆమె నవ్వింది. నవ్వితే దవడలు నొప్పెట్టాయి, నవ్వి ఎన్నాళ్ళయిందో.

చల్లారాక నీళ్ళు పోసి బయలుదేరారు. డయాలసిస్ అయిన రోజు టైలరుకు ఎండాకాలంలో కూడా చలి పుట్టేది. దుప్పటి మెడదాకా లాక్కుని, "కాస్త వేడి గాలి పెట్టమ్మా" అన్నాడు. ఆమె హీటరు పూర్తిగా తిప్పింది. ఎలాగూ ముల్లు మళ్ళీ పైకి పోతోంది, ఇంజిను వేడి కొంత ఇటు లాగితే మంచిదే అనుకుంది.

కాసేపటికి టైలరు మెల్లగా అన్నాడు. "వేడి అడిగితే చల్లగాలి ఇచ్చావేంటమ్మా?"

ఆమె గాలి వచ్చే చోట అరచెయ్యి పెట్టింది. చల్లగానే ఉంది. ముల్లేమో ఎర్ర గీతకు వేలెడు దూరంలో ఉంది.

ఇంటికొచ్చి, భర్తకు మజ్జిగ గ్లాసు అందిస్తూ, ఫిర్యాదులా కాకుండా వింతలా చెప్పింది. "ఇంజిను కుతకుతలాడుతోంది. హీటరేమో చల్లగా ఊదుతోంది."

ఆయన గ్లాసు పెదవి దాకా తీసుకుని ఆగిపోయాడు. "మళ్ళీ చెప్పు."

చెప్పింది.

"వేడి నీళ్ళు హీటరు దాకా పోతే గాలి వేడిగా రావాలి. పోవట్లేదంటే దారిలో గాలి అడ్డం కూర్చుంది. పైపు మార్చినప్పుడు లోపల గాలి చిక్కిపోయి నీళ్ళు తిరగట్లేదు. ఆ మెకానిక్ పైన నిండగానే నిండిందనుకుని మూత పెట్టేశాడు." గ్లాసు పక్కన పెట్టి, "నీ తోలుడు కాదు" అన్నాడు, గోడవైపు చూస్తూ.

ఆమె ఎన్ని రోజులుగానో కావాలనుకున్న మాట అది. వచ్చేసరికి, తీసుకుని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మరుసటి ఆదివారం పొద్దున్నే, ఇంజిను చల్లగా ఉండగా, లోపలి గాలి పైకి తేలడానికి, ఇంటి ముందున్న ఎత్తుమీదికి ముక్కు వచ్చేలా వ్యాను నిలిపింది. ఏం చెయ్యాలో కిటికీలోంచి చెప్తానన్నాడు ఆయన. కానీ కిటికీలోంచి రేడియేటర్ కనపడదు. "నన్ను దించు" అన్నాడు. జబ్బుపడ్డాక ఆసుపత్రికి తప్ప ఆయన మెట్లు దిగలేదు. వీధిలో వాళ్ళు చూస్తారని. ఆమె ఆయన ఎడమ చెయ్యి మెడచుట్టూ వేసుకుంది. ఒక్కో మెట్టుకూ ఆగుతూ దిగారు. ఎదురింటావిడ బకెట్టు పట్టుకుని నిలబడి చూసి, మర్యాదగా లోపలికి వెళ్ళిపోయింది.

బానెట్ ముందు స్టూలు వేసి ఆయన్ని కూర్చోబెట్టింది. మూత తీసి అంచుదాకా నీళ్ళు పోసి, హీటరు పూర్తి వేడికి తిప్పి, ఇంజిను స్టార్టు చేసింది. ఆయన ఎడమచేత్తో రేడియేటర్ పైనున్న రబ్బరు పైపును నొక్కి వదిలాడు. మళ్ళీ నొక్కి వదిలాడు. రేడియేటర్ నోట్లో బుడగలు లేచాయి.

"వస్తోంది" అంది ఆమె.

"నీళ్ళు పొయ్యి. పోస్తూనే ఉండు."

నీళ్ళు దిగేవి, ఆమె పోసేది. పైపు వేడెక్కాక ఆయన చేతికి తడిగుడ్డ చుట్టింది. నొక్కి నొక్కి ఆయన చెయ్యి అలిసిపోయింది. ఆమె తన చేతిని ఆయన చేతిమీద వేసి నొక్కింది. ఉన్నట్టుండి నీళ్ళు గుటకేసినట్టు కిందికి పోయి, పెద్ద బుడగ ఒకటి తేన్పులా బయటికొచ్చింది.

"అదీ, అదే దొంగ" అన్నాడు ఆయన.

ఆమె లోపలికి వంగి హీటరు గాలికి చెయ్యి పెట్టి, వెంటనే వెనక్కి తీసుకుంది. కాలేంత వేడిగా ఉంది. బుడగలు పూర్తిగా ఆగేదాకా ఉండి, నీళ్ళు సరిచూసి, మూత బిగించింది.

పైకెక్కడం దిగడంకంటే కష్టమైంది. సగంలో ఇద్దరూ మెట్టుమీద కూలబడ్డారు. ఆయన చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. ఆమె కాళ్ళు చాపి గోడకు తల ఆనించింది.

"కాసేపు ఉందామా?" అంది.

"ఉందాం. పైన మాత్రం ఏముంది?"

అక్కడే ఆమెకు నిద్ర పట్టేసింది. ఆయన కదలకుండా కూర్చున్నాడు.

మర్నాడు వంతెనమీద ముల్లు సగంలోనే నిలిచింది. చాలా సంతోషంగా ఉంటుందని ఆమె అనుకుంది గాని, అంత లేదు. బరువు దించిన భుజానికి నొప్పి అప్పుడే తెలిసినట్టు ఉంది. అయినా ఆ ఆదివారం నుంచి ఒక మార్పు వచ్చింది. సాయంత్రం వ్యాను ఆగిన చప్పుడు విని ఆయన తీర్పు చెప్పడం మానేశాడు. "భోంచేశావా మధ్యాహ్నం?" అని అడిగేవాడు. ఒక్కోరోజు ఆమె తిన్నానని అబద్ధం చెప్పేది. ఆయనకు తెలిసిపోయేది. ఇంకేం అడక్కుండా పక్కనున్న కుర్చీని ఎడమచేత్తో ఆమె వైపు లాగేవాడు.