ఒక మనిషి చోటు

ధనరాజు ఎక్కడ కూర్చున్నా పక్కన ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా వదులుతాడు. ఆయనకున్న జబ్బల్లా అదొక్కటే. మిగతా విషయాల్లో మనలాంటి మనిషే. టీలో పంచదార తక్కువైతే తిడతాడు, ఎక్కువైతే తాగేసి తిడతాడు.

మచిలీపట్నం నుంచి మంగినపూడి వెళ్లే షేర్ ఆటోలో ముగ్గురి సీట్లో ఆరుగురిని కుక్కుతారు. ఏడోవాడు డ్రైవర్ ఒళ్లో సగం, రోడ్డు మీద సగం ఉంటాడు. అలాంటి ఆటోలో కూడా ధనరాజు ఊపిరి బిగబట్టి, ఒక తొడ గాల్లో ఉంచి మరీ ఆ చోటు కాపాడేవాడు.

"అది ఎవరికండీ?" అని డ్రైవర్ అడిగేవాడు.

"వచ్చేవాడికి."

"ఎవరొస్తారు?"

"వచ్చినాక తెలుస్తదిగా."

కూతురి పెళ్లి ఫొటోలో ఆయనకీ, భార్య మహాలక్ష్మికీ మధ్య ఒక మనిషి నిలబడేంత సందు ఉంది. మొగుడూ పెళ్లాలకు పడదేమోనని చూసినవాళ్లు అనుకుంటారు. ఫొటోగ్రాఫర్ ఇద్దర్నీ మూడుసార్లు దగ్గరికి జరిపాడట. మూడోసారి ధనరాజు విసుక్కుని, "అంత ఇబ్బందైతే నువ్వొచ్చి నిలబడు, చోటుందిగా" అన్నాడట.

హిమబిందుకు ఆయన తెలిసింది 2006లో. కోనేరు సెంటర్‌కు రెండు సందుల అవతల, ఎనిమిది కంప్యూటర్లున్న ఇంటర్నెట్ సెంటర్ ఆమెది. ఆమెది అంటే, పేరు వాళ్ల నాన్నది, చాకిరీ ఆమెది. బీయస్సీ లెక్కల్లో ఫస్ట్ క్లాస్ వచ్చిన కూతుర్ని కౌంటర్లో కూర్చోబెట్టి, లెక్కలంటే జ్వరం తెచ్చుకునే కొడుకుని ఇంజినీరింగ్‌లో చేర్పించిన తండ్రులకు మన జిల్లాలో కరువు లేదు. వాళ్ల నాన్న కాంతారావు గారు వాళ్లలో ఒకరు.

ఆ సెంటర్లో సాయంత్రమైతే ఇద్దరు కుర్రాళ్లు వచ్చి ఒక ఆట ఆడేవాళ్లు. గుడివాడ చేపల చెరువుల వాళ్లబ్బాయి బాబీ, చల్లపల్లి నుంచి వచ్చి ఇక్కడ రూములో ఉంటున్న హేమంత్. ఇద్దరూ ఇంజినీరింగ్ మూడో ఏడు. ఆకాశంలో ఓడలు నడిపే ఆట అది. ఎక్కడెక్కడి దేశాలవాళ్లో ఇంటర్నెట్‌లో ఒకేసారి ఆడతారు. ముందు ఒక ఓడ ఎంచుకోవాలి. దానికున్న పది గూళ్లలో ఇంజన్లో, తుపాకులో, కవచాలో బిగించుకోవాలి. సరుకేసుకుని చుక్కల మధ్య తిరగాలి. దోపిడీవాళ్లు ఓడను పేల్చేస్తే, నడిపేవాడు చిన్న గుళికలో బయటపడతాడు. ఆ గుళికలో ఇరవై నిమిషాలకు సరిపడా గాలి ఉంటుంది. ఈలోగా ఎవరైనా తమ ఓడలో ఖాళీగా ఉన్న గూట్లోకి ఎక్కించుకుంటే బతికాడు. లేకపోతే నెలల తరబడి నేర్చిన విద్యలన్నీ పోయి, మళ్లీ ఓనమాల దగ్గర్నుంచే. ఖాళీ గూడు మాత్రం ఎవరూ ఉంచరు. అక్కడ ఇంకో తుపాకీ పడుతుంది కదా.

వాళ్లిద్దరికీ దారి చూపేది హిమబిందు. కౌంటర్ కంప్యూటర్లోంచే ఆడేది. ఏ చుక్క దగ్గర మలుపు తీసుకోవాలో, ఎక్కడ దోపిడీవాళ్లు మాటు వేస్తారో కాగితం మీద లెక్క కట్టి చెప్పేది. పద్నాలుగు నెలలు పెంచుకున్న విద్య అది. ఆమె చెప్పింది చెప్పినట్టు జరిగే చోటు ఈ భూమ్మీద లేదు గనక, ఆకాశంలో ఉన్నందుకు ఆమె దాన్ని ప్రాణంగా చూసుకునేది.

అక్కడికి ధనరాజు అర్జీ ప్రింటు తీయించుకోవడానికి వచ్చాడు. పాతికేళ్లు సముద్రం మీద వేట చేసి, భుజం పట్టేశాక గిలకలదిండిలో బోట్ల ఇంజన్లు బాగుచేసుకుంటున్న మనిషి. అర్జీ దేనికంటే లైఫ్ జాకెట్లకు. ఒక ఆఫీసు గోడౌన్లో నూట ఇరవై లైఫ్ జాకెట్లు రెండేళ్లుగా మూటలు విప్పకుండా ఉన్నాయి. పంచిపెట్టడానికి మంత్రిగారికి తీరిక దొరకలేదు. ఎలకలకు దొరికింది.

ప్రింటు వచ్చేలోపు ఆయన హేమంత్ వెనక నిలబడి ఓడను చూశాడు.

"బాబూ, ఈ బోటు ముక్కు లేస్తది. బరువంతా ఎనక్కుంది."

"అది స్పేస్ అంకుల్. అక్కడ నీళ్లుండవు."

"నీళ్లు కూడా లేవా? మరి ఇంకా జాగర్తగా ఉండాలి గదా."

హేమంత్ నవ్వి ఆట గురించి చెప్పాడు. గుళిక దగ్గరికి వచ్చేసరికి ధనరాజు ఆపాడు.

"ఇరవై నిమిషాలు గాలా? ప్రతివాడికీ?"

"ప్రతివాడికీ."

"అర్జీ పెట్టకుండానే? మంత్రిగారు రాకుండానే?"

లేని సముద్రంలో లేని మనిషికి ఊపిరి గ్యారంటీ ఉంది. ఉన్న సముద్రంలో ఉన్న మనిషికి సంతకం కావాలి. ఆయన అర్జీ మడిచి జేబులో పెట్టుకుని వెళ్లాడు. మర్నాడు వచ్చి, "బిందమ్మా, నాక్కూడా ఒక బోటు చూడు" అన్నాడు.

ఓడ ఎంచుకోవడానికి ఆయనకు మూడు వారాలు పట్టింది. అంతకంటే తక్కువ టైములో బాబీ వాళ్ల చిన్నాన్న పెళ్లి సంబంధం చూసి, కుదుర్చుకుని, పెళ్లి కూడా చేసేసుకున్నాడు. ధనరాజు ప్రతి ఓడనూ తెర మీద ముందుకీ వెనక్కీ తిప్పించేవాడు. వేలి కణుపుతో తెర మీద కొట్టి చెవి పెట్టి వినేవాడు.

"ఇది అంతకుముందు ఎవరి చేతి కింద ఉండేదమ్మా?"

"కొత్తది బాబాయ్. కంప్యూటర్ తయారుచేసింది."

"కంప్యూటర్‌కి వేట తెలుసా?"

సన్నగా, వాడిగా ఉన్న ఓడల్ని చూసి పెదవి విరిచేవాడు. "వీటికి వెళ్లడం తెలుసు. రావడం తెలీదు." చివరికి కుర్రాళ్లు గుమ్మడికాయ అని ఎగతాళి చేసే సరుకు ఓడ దగ్గర ఆగాడు. అందరికంటే నిదానం, అందరికంటే లావు.

"దీనికి పొట్టుంది. పొట్టున్నది ఒడ్డుకొస్తది."

పేరు మహాలక్ష్మి అని పెట్టాడు. నీళ్లలోకి దించేరోజు పసుపూ కుంకుమా తెచ్చి కంప్యూటర్ డబ్బాకు బొట్టు పెట్టి, గుమ్మం మీద కొబ్బరికాయ కొట్టాడు. ఆ నీళ్లు యూపీయస్ మీద పడబోయి కాస్తలో తప్పాయి. అలాంటిదేదైనా జరిగితే పంతులుగార్ని పిలవాలో మెకానిక్‌ని పిలవాలో తెలియక హిమబిందు ఆ పూటంతా చేతిలో గుడ్డ పట్టుకునే ఉంది.

ఆయనకు ఇంగ్లీషు రాదు. అందుకని ఏ బొమ్మ ఏమిటో తెలుగులో రాసి, ఆ కాగితం తెర పక్కన ఆమే అతికించింది. ఇంజన్లు రెండు, ఒకటి చెడిపోతే ఇంకోటి. కవచాలు మూడు. నూనె ట్యాంకులు రెండు. దారి చూసే కన్ను ఒకటి. తొమ్మిదోది ఆయన ముద్దుబిడ్డ. రెండు నెలలు సరుకు మోసి సంపాదించిన బంగారు రంగు పెద్ద దీపం. దాన్ని పెట్రొమాక్సు అనేవాడు. ఆ ఆటలో అలాంటివి ఏడాదికి పదే ఇస్తారట. పని లేకపోతే దాన్ని వెలిగించి, ఆర్పి, మళ్లీ వెలిగించి మురిసిపోయేవాడు.

"చుక్కల మధ్య దీపమెందుకు బాబాయ్?"

"మనం చూట్టానికి కాదమ్మా. మనల్ని చూట్టానికి."

పదో గూడు ఖాళీ.

"ఏమయ్యా ధనరాజూ," అన్నాడు బాబీ. తండ్రి వయసు మనిషిని అలా పిలవడం అతనికి ఇంట్లోనే అలవాటైంది. చెరువుల మీద పనిచేసేవాళ్లందర్నీ వాళ్లింట్లో అలాగే పిలుస్తారు. "పదో గూట్లో తుపాకీ పెట్టొచ్చుగా."

"అది మనిషి చోటు బాబూ."

"ఏ మనిషి?"

"వచ్చేవాడు."

"ఆకాశంలో ఎవడొస్తాడయ్యా?"

"నేను రాలా?"

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ధనరాజు వచ్చి కూర్చోగానే బాబీ తన కుర్చీని అటు జరుపుకునేవాడు. చేపల వాసన అని. చేపల చెరువుల మీద బతికే ఇంటి పిల్లాడికి చేపల వాసన పడదు. డబ్బుకి ఆ వాసన రాదు కాబోలు. ధనరాజు మాత్రం మధ్యలో ఏర్పడిన ఆ సందు చూసి, "బిందమ్మా, పెంపకం అంటే అదీ. చెప్పకుండానే మనిషి చోటు వదిలాడు చూడు" అని సంతోషించేవాడు. హిమబిందు కాలెండర్ వంక చూసేది.

అలా ఉండగా వాళ్ల నలుగురి దళానికి బాబీ పెద్ద ప్రయాణం ఒకటి తలపెట్టాడు. ఆర్నెల్లు కూడబెట్టిన సరుకంతా ఓడలకెత్తి, దోపిడీవాళ్లుండే చీకటి దారిలో అవతలి ఒడ్డుకు చేర్చాలి. దారి లెక్క హిమబిందుది.

"పది గూళ్లూ నిండిన ఓడలే రావాలి," అన్నాడు బాబీ. "గుమ్మడికాయ వద్దు. ఓటింగ్ పెడదాం."

హేమంత్ నేల చూసి చెయ్యెత్తాడు. బాబీ ఎటూ ఎత్తే ఉంచాడు. హిమబిందు ఎత్తలేదు. కాదని కూడా అనలేదు. ఆ రోజు కాలెండర్లో ఏ తిథో ఆమెకు కంఠతా వచ్చేసింది.

"మెజారిటీ," అన్నాడు బాబీ. "దళంలోంచి తీసేశాం."

"మంచిది బాబూ," అని ధనరాజు మూలనున్న ఎనిమిదో నంబరు కంప్యూటర్‌కు మారాడు. అక్కడ కూడా కుర్చీలో ఒక అంచునే కూర్చున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం మూడు ఓడలూ బయల్దేరాయి. అరగంట బాగానే నడిచాయి. తర్వాత హిమబిందు లెక్కలో లేని చోట నుంచి పన్నెండు ఓడలు వచ్చి మీద పడ్డాయి. ముందు పోయింది ఆమె ఓడే. తర్వాత హేమంత్‌ది. బాబీ తన తుపాకులన్నీ పేల్చి, చివరికి తనూ పేలిపోయాడు. సరుకు ఎత్తుకుని వాళ్లు వెళ్లిపోయాక నల్లటి తెర మీద మూడు చిన్న గుళికలు మిగిలాయి. ఆమె గుళికలో గాలి తొమ్మిది నిమిషాలుంది.

ముగ్గురూ ప్రపంచభాషలన్నిటిలో సాయం అడిగారు. వేరేవాళ్ల ఓడలు మూడు పక్కనుంచే వెళ్లాయి. "సారీ, ఖాళీ లేదు" అన్నాయి. అబద్ధం కాదు, నిజంగానే లేదు. హిమబిందు మౌస్ మీంచి చెయ్యి తీసేసింది. పద్నాలుగు నెలలు. రేపట్నుంచి మళ్లీ ఉట్టి కౌంటరే.

అప్పుడు తెర మూలన ఒక పసుపు చుక్క వెలిగింది. ఆరింది. మళ్లీ వెలిగింది.

"పెట్రొమాక్సు," అంది హిమబిందు.

ముగ్గురూ ఒకేసారి ఎనిమిదో నంబరు వైపు తిరిగారు. ధనరాజు ముక్కు తెరకు ఆనించి, పళ్ల మధ్య నాలిక బిగించి, ఇంటి ముందు ఎడ్లబండి మళ్లిస్తున్నంత నిదానంగా ఓడ నడుపుతున్నాడు.

"బాబాయ్, నువ్వెందుకొచ్చావ్? నిన్ను తీసేశాం కదా," అన్నాడు హేమంత్.

"దళంలోంచి తీశారు. దారిలోంచి తీయలేదుగా. బోటు ఎనక బోటు ఉండాలి బాబూ. మీరేమో ఉరుకుతారు, నా పొట్టది ఇప్పటికొచ్చింది. ముందు ఎవరికి గాలి తక్కువుంది?"

"నాకు," అంది హిమబిందు. "రెండు నిమిషాలు."

ఆమె పదో గూట్లో కూర్చుంది. ఒక మనిషి చోటు. కొలిచినట్టు సరిపోయింది.

"ఇక చోటు లేదుగా," అన్నాడు హేమంత్ నీరసంగా.

"లేకపోతే చెయ్యాలి." ధనరాజు రెండో ఇంజన్ ఊడదీసి చీకట్లోకి వదిలేశాడు. ఆ గూట్లోకి హేమంత్ ఎక్కాడు.

బాబీ మిగిలాడు. కవచం తీస్తే దారిలో అందరూ పోతారు. నూనె తీస్తే ఇల్లు చేరరు. కన్ను తీస్తే దారి తెలీదు. ధనరాజు కాసేపు బంగారు దీపం వంక చూశాడు. ఒకసారి ఆర్పాడు. ఒకసారి వెలిగించాడు.

"వద్దు, వదిలెయ్," అన్నాడు బాబీ. కుర్చీ ఈడ్చుకుంటూ ఎప్పుడొచ్చాడో, ఆయన భుజానికి భుజం ఆనించి కూర్చున్నాడు. "అది మళ్లీ దొరకదు బాబాయ్. నేను మొదట్నుంచి ఆడుకుంటా."

"మొదట్నుంచా? నీ గొప్పలన్నీ మేం మళ్లీ మొదట్నుంచి వినాలా? ఎక్కెక్కు."

దీపం చీకట్లోకి జారిపోయింది. గుమ్మడికాయ ఒక్క ఇంజనుతో, ముగ్గురు మనుషులతో, రెండు గంటలు పాకి ఒడ్డు చేరింది. హిమబిందు ఆ రెండు గంటలూ దారి చెప్పింది. ఒక్క లెక్క తప్పలేదు.

టీ తెప్పించుకున్నాక హేమంత్ అడిగాడు. "అసలు ఈ ఖాళీ అలవాటు ఎక్కడిది బాబాయ్?"

"తొంభైలో పెద్ద తుపాను. మా బోటు ఇరిగిపోయింది. చెక్క పట్టుకుని తేలుతున్నా. ఒక బోటు వచ్చింది, చోటు లేదని వెళ్లిపోయింది. నిజంగానే లేదు, వాళ్లని అనకూడదు. ఎనకాల భూషణం బోటు వచ్చింది. అదీ నిండుగానే ఉంది. వాడు రెండు బుట్టల పండుగొప్ప చేపలు నీళ్లలో పారబోసి నన్ను లాగాడు."

"ఎంత గొప్ప మనిషి," అన్నాడు బాబీ.

"ఏం గొప్ప. పదహారేళ్లైంది. కనపడ్డప్పుడల్లా, 'రెండు బుట్టల పండుగొప్పలు రా' అంటాడు. నా కూతురి పెళ్లిలో మైకులో కూడా అన్నాడు. బతికించినోడి మాట నేను పడొచ్చు, కానీ ఎక్కిన ప్రతివాడూ పడాలా? అందుకే నేను ముందే చోటు ఖాళీగా ఉంచుతా. ఎక్కినోడు తలెత్తుకుని కూర్చుంటాడు."

అంత గొప్ప సిద్ధాంతం చెప్పిన మనిషి, మర్నాటి నుంచి బాబీ కనపడ్డప్పుడల్లా, "బంగారం లాంటి పెట్రొమాక్సు బాబూ" అనడం మొదలెట్టాడు. బాబీ తలొంచుకుని టీ తెచ్చేవాడు, పంచదార సరిచూసుకుని మరీ.

ఆ తర్వాతి ఆదివారం ముగ్గురూ గిలకలదిండి బయల్దేరారు. లైఫ్ జాకెట్ల అర్జీని ఈసారి బాబీ ఇంగ్లీషులో రాశాడు. దాని మీద వేటకెళ్లేవాళ్లందరి సంతకాలూ వేలిముద్రలూ పెట్టించాలి. షేర్ ఆటోలో ముగ్గురూ ఒకరినొకరు నొక్కుకుని, చివర ఒక మనిషి చోటు వదిలారు.

"అది ఎవరికండీ?" అన్నాడు డ్రైవర్, ఈ జబ్బు ఎక్కడో చూసినట్టుందే అన్న మొహంతో.

"వచ్చేవాళ్లకి," అన్నాడు బాబీ.

మలుపులో ఒకావిడ ఖాళీ చేపల బుట్టతో చెయ్యి ఊపింది. ఎక్కి, చోటు చూసి, ముగ్గురి మొహాలూ చూసి నవ్వింది.

"మీరేనా కంప్యూటరోళ్లు? నా పేరెట్టి ఆకాశంలో తిప్పుతున్నాడంటగా మా ఆయన."

"మహాలక్ష్మి పిన్నీ, మా ముగ్గుర్నీ ఆయనే ఒడ్డు చేర్చారు," అంది హిమబిందు. "ఎక్కడున్నా ఒక మనిషి చోటు వదులుతారు. ఇంట్లో కూడా అంతేనా?"

"ఇంట్లోనా? మంచం అంతా ఆయనదే. పదహారేళ్ల నుంచి నేను గోడకంటుకుని పడుకుంటన్నా." మహాలక్ష్మి చెయ్యి చాపింది. "ఏదీ ఆ అర్జీ? ఒక మనిషి చోటు నాక్కూడా కావాలని కిందన రాయమ్మా. వేలిముద్ర ఏస్తా."