మందారాకు ఎవరి తలకి?

మా సందులో చైయింగ్‌ని నమ్మించగలిగిన మనిషి ఇంకా పుట్టలేదు. బజారులో తూచి ఇచ్చిన చేపని ఇంటికి తెచ్చి తన త్రాసులో మళ్లీ తూచేది. ఆసుపత్రిలో సెలైన్ సీసా మీది పేరు మూడుసార్లు చదివించుకున్నాకే చెయ్యి చాపింది. మొగుడు గెన్‌ఫా తాళాలు బాగుచేస్తాడు. ఊళ్లో ఏ తలుపైనా తీయగల వాడితో కాపురం చేస్తే ఎవరికైనా అనుమానం పుడుతుందని ఆవిడ వాదన. ఆ అనుమానం పదకొండేళ్లుగా నా మీదే. నేను మొగుడు పోయినదాన్ని, మా రెండిళ్లకీ మధ్య మందార కంచె ఒక్కటే అడ్డం. నాకు అరవై దాటాయి, మోకాళ్లు పట్టేశాయి. అయినా ఆవిడ కళ్లకి నేను పదహారేళ్ల పడుచునే.

ఏడో నెల ఏడో రోజు మాకు పండగ. ఆకాశంలో నేతపిల్లా, పశువుల కాపరీ ఏడాదికొక్కసారి కలుసుకునేది ఆ రోజే. ఆ పొద్దున మా వైపు ఆడవాళ్లు మందారాకు పిసికి, ఆ నురగతో తలంటుకుంటారు. పెళ్లయిన దగ్గర్నుంచీ గెన్‌ఫా ఏటా ఆకు కోసి పెళ్లాం చేతికిచ్చేవాడు. పిసకడం, అంటుకోవడం ఆవిడ పని. ఈ ఏడు ఆసుపత్రిలో ఎక్కించిన మందుల వేడికి చైయింగ్ జుట్టంతా ఊడిపోయింది. ఊలు టోపీ పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుని, మొగుడు బుట్ట నిండా ఆకు కోయడం చూసింది.

"ఎవరి తలకయ్యా అది?" అని లోపల్నుంచే అడిగింది.

బుద్ధిలేని మనిషి, వినబడనట్టు కంచె దాటి మా పెరట్లోకి వచ్చాడు. నేను అప్పుడే తలంటుకుని జుట్టు ఆరబెట్టుకుంటున్నాను.

"చెల్లెమ్మా, దాని చేతుల్లో సత్తువ లేదు. ఇది పిసకడం నాకు రాదు. కాస్త చూపించు," అన్నాడు గొంతు తగ్గించి.

"ఆ ముక్క ఆవిడకే చెప్పకపోయావా?"

"చెబితే వద్దంటుంది. జుట్టు లేని తలకి ఎందుకంటుంది."

గిన్నెలో నీళ్లు పోసి ముందు పెట్టాను. అతని మోచేతుల దాకా నురగ వచ్చేసరికి పెరటి తలుపు చప్పుడైంది. కర్ర పట్టుకుని చైయింగ్ నిలబడి ఉంది. నా తడిజుట్టు చూసింది, అతని చేతుల మీది నురగ చూసింది.

"ఇన్నేళ్లూ నన్ను పిచ్చిదాన్నన్నారు గదా," అంది. "మా అక్క దగ్గరికి పోతాను. చచ్చినా అక్కడే చస్తాను."

నాకు ఒళ్లు మండింది. "నా తల నేనే అంటుకున్నాను వదినా. మీ ఆయన నీకోసం నేర్చుకుంటున్నాడు."

"నేర్చుకుంటున్నాడో, ఎప్పుడో నేర్చాడో నేనే తేలుస్తా."

పీట లాక్కుని కూర్చుంది. టోపీ తీసేసింది. నాలుగు నెలలుగా మొగుడికి కూడా చూపించని తల అది. నాకు చూడబుద్ధి కాలేదు, చూడకుండానూ ఉండలేకపోయాను. ఆ మనిషి నిజంగా పోతానంటే పోతుంది. నా పేరు మీద ఆ మచ్చ వేసే అక్కడ ప్రాణం విడుస్తుంది. నాకు భయమేసింది.

గెన్‌ఫా దోసిలి నిండా నురగ తీసి గుమ్మరించాడు. అది కంట్లోకి పోయింది. తుడవబోయి చెవిలో పోశాడు. తర్వాత తుప్పు పట్టిన తాళం తోమినట్టు ఆ బోడితల బరబరా రుద్దాడు. నీళ్లన్నీ మెడ మీంచి వీపులోకి కారాయి. చైయింగ్ కళ్లు మూసుకుని, కదలకుండా కూర్చుంది.

"ఏమయ్యా," అంది, "ఈ చేతులతో నువ్వు ఇంతవరకూ ఏ ఆడదాని తలా అంటలేదు."

"లేదే," అన్నాడు.

"తెలుస్తూనే ఉంది. ఆ రెండో చెవిలో కూడా పొయ్యి."