రెండిళ్ల ఖాసింబవ్వ

నిన్న మా బడి పక్కింట్లో విత్తనం కోసం శనక్కాయలు ఒలుస్తున్నారు. ఆ పొట్టు ధూళి కిటికీలోంచి వచ్చి ముక్కుకు తగిలేసరికి పాఠం ఆపేశాను. సుద్దముక్క బల్లమీద పెట్టి కిటికీ దగ్గరికి వెళ్లాను. "ఏమైంది మేడం?" అని పిల్లలు అడిగితే తుమ్ము వస్తోందని బొంకాను. ఖాసింబవ్వ గుర్తొచ్చిందంటే వాళ్లకేం తెలుస్తుంది?

నా చిన్నప్పుడు, యాడికి అనే ఊరి దగ్గర మా పల్లెలో, పొలం గట్టు తగాదాలో మా నాయనను కొడవలితో నరికి చంపారు. చంపినవాడు రామాంజి, మా ఊరివాడే. వాడు జైలుకు పోయాడు. మా అమ్మ మాత్రం ఏడవలేదు, మాట్లాడలేదు, ముద్ద ముట్టలేదు. వచ్చినవాళ్లంతా "ఏడ్చెయ్యమ్మా, బరువు దిగుతాది" అని ఆమె భుజాలు పట్టి కుదిపేవాళ్లు. మా పెదనాయన అయితే తమ్ముణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని "పెద్దోడివై నువ్వే బదులు తీర్చాలప్పా" అని నూరిపోసేవాడు. నాయన ఎలాగూ పోయాడు, ఇక అమ్మా తమ్ముడూ కూడా నాకు దక్కరేమోనని నేను హడలిపోయాను.

పక్కింటి ఖాసింబవ్వ కూలికి పోయే ముసలామె. నోరు దురుసని ఊరంతా అనేవారు, అబద్ధమేమీ కాదు. ఒకరోజు పొద్దున్నే వచ్చి మా విత్తనం కాయల మూట విప్పి నట్టింట్లో కుమ్మరించింది. "సావు జరిగిన ఇంట్లో ఇదేం పని?" అని పెదనాయన గదమాయించాడు.

"వాన నీకోసం నిలబడతాదా ఏమప్పా? ఒలిస్తే ఒలువు, ల్యాకుంటే బయటికి నడువు" అంది అవ్వ.

అమ్మను ఒక్క మాటతోనూ ఓదార్చలేదు. ఆమె పక్కన కూర్చుని కాయలు ఒలుస్తూ, మా నాయన ముచ్చట్లు నన్నడిగేది. బల్లి కనబడితే మంచమెక్కేవాడని చెబితే పకపకా నవ్వింది. అలా రోజూ వచ్చేది. ఒకనాడు అవ్వ చేతిలోని పప్పు చూసి అమ్మ నోరు విప్పింది.

"పొర లేసింది. అది మొలవదు, పక్కకెయ్ అత్తా."

నాయన పోయాక ఆమె అన్న మొదటి మాట అది. నేను సంబరంతో లేవబోతే అవ్వ నా మోకాలు నొక్కిపట్టింది. "అట్నా? నాకు కండ్లు సరిగా కనపడల్యా లచ్చుమ్మా" అని మళ్లీ పనిలో పడింది. ఆ సాయంత్రం అమ్మ ఇల్లు అదిరేలా ఏడ్చింది. అవ్వ వద్దనలేదు.

అవ్వ మధ్యాహ్నాలు రామాంజి ఇంటికి పోతోందన్న కబురు తర్వాత పెదనాయనే మోసుకొచ్చాడు. అమ్మ ముఖం నల్లబడింది.

"నిజమేనా అత్తా?"

"నిజమే. వాని పెండ్లాన్ని నీళ్లకాడ గూడా ఎవురూ పలకరించడంల్యా. ఇద్దరు బిడ్డలుండారు. వాండ్లేమన్నా కొడవలి పట్టినారా?"

"నా ఇంట్లోంచి పో."

"పోతా. రేపు మళ్లా వస్తా. తలుపేసుకుంటే అరుగుమీద కూర్చుంటా."

అన్నట్టే వచ్చింది, అరుగుమీదే కూర్చుని ఒలిచింది. అమ్మ తలుపు తీయలేదు. అవ్వ మొండితనం చూస్తే నాకు ఒళ్లు మండేది, ఆమె రాకపోతే ఎలాగన్న దిగులూ ఉండేది. చివరికి ఒకరోజు అమ్మే గడప మీదికొచ్చి కూర్చుంది. ఒక కాయ ఒలుస్తూ అడిగింది.

"ఆ పిల్లోల్లు అన్నం తింటాండారా?"

"పెద్దోడు తింటాండాడు. చిన్నదే ముట్టడంల్యా."

అమ్మ లోపలికి వెళ్లి గిన్నెలో సంగటి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టి తెచ్చింది. "నేనిచ్చినానని చెప్పొద్దు" అంది. తర్వాత పెదనాయన ఒళ్లోంచి తమ్ముణ్ణి లాక్కుంది. "నా కొడుక్కు ఇంగ ఆ మాటలు చెప్పొద్దు బావా."

అవ్వ పోయి చాలా కాలమైంది. మా తమ్ముడు రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుడుతున్నాడు. ఎవరినీ చంపలేదు. నా దగ్గర చదివే పిల్లల ఇళ్లలో అలాంటి ఘోరం జరిగితే నేను వెళ్తాను, ఓదార్చకుండా చేతికందిన పని చేస్తూ కూర్చుంటాను. లేచేటప్పుడు, కాళ్లు వద్దంటున్నా, రెండో ఇంటికి, చంపినవాడి ఇంటికి, దారి ఎటని అడుగుతాను.