అంగారకుడి ఇసుక, డ్రైవర్ బాబాయి

సారపాకలో మా పక్కింటి డ్రైవర్ బాబాయి పోయిన మంగళవారం పొద్దున గుండెపోటుతో చనిపోయారు. బడికి బయలుదేరబోతుంటే పిన్ని కేక వినిపించింది. నేను వెళ్ళేసరికే అంతా అయిపోయింది.

ముప్పై ఏళ్ళు ఆయన అడవి నుంచి కాగితం మిల్లుకు వెదురు లారీ తోలారు. వాగులో ఎవరి లారీ దిగబడినా, కబురు రాగానే లుంగీ ఎగ్గట్టుకుని వెళ్ళేవారు. "బండిని తిట్టొద్దు, బతిమాలుకోవాలె" అనేవారు.

నిరుడు ఎండాకాలం పేపర్లో ఒక వార్త వచ్చింది. అంగారక గ్రహం మీద రాళ్ళూ మట్టీ పరిశీలిస్తూ ఐదేళ్ళుగా తిరుగుతున్న అమెరికావాళ్ళ ఆరు చక్రాల బండి మెత్తటి ఇసుకలో కూరుకుపోయింది. అందులో మనుషులుండరు, భూమ్మీద నుంచే నడుపుతారు. బాబాయి ఆ పేపరు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చారు.

"ముందుకు తొక్కితే ఇంకా దిగుద్ది టీచరమ్మా. వచ్చిన జాడలనే ఎనక్కి తియ్యాలె, మెల్లగ. నీకు ఇంగ్లీషొచ్చు గద, గీ ముక్క వాళ్ళకు రాయరాదు?"

"అట్లనే బాబాయ్, రాస్తా" అన్నాను. లోపల నవ్వుకున్నాను. అంత చదివినవాళ్ళకు లారీ డ్రైవర్ చెప్పాలా?

కనిపించినప్పుడల్లా అడిగేవారు. వానలు మొదలయ్యాక, పేపర్లు దిద్దుకుంటున్న ఒక సాయంత్రం విసుగొచ్చి "పంపించేశాను" అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. మరునాటి నుంచి పోస్ట్‌మాన్‌కు కష్టాలు మొదలయ్యాయి. "ఏందయ్యా, అమెరికా నుంచి నాకేం రాలేదా?"

చలికాలంలో మళ్ళీ వార్త. దాన్ని నడిపేవాళ్ళు నెలల తరబడి భూమ్మీదే ఇసుక పోసి, అలాంటి బండితోనే ప్రయోగాలు చేసి చూశారట. ముందుకు తీయబోతే రాలేదట. చివరికి వెనక్కి నడిపితే కాస్త కదిలిందట. అప్పటికే అక్కడ శీతాకాలం ముంచుకొచ్చింది. ఎండ చాలక బండి శక్తి తగ్గిపోయింది. ఇక ఉన్నచోటే వదిలేశారు.

"సూసినవా, మన ఉత్తరం అందింది! జర లేటైంది, గంతే" అన్నారు బాబాయి. పేపరు మడుస్తూ, "పాపం, ఒక్కతే పడి ఉండాలె గాడ" అని కళ్ళు తుడుచుకున్నారు. అప్పుడైనా చెప్పాల్సింది.

ఉత్తరం రాసి ఉంటే ఆ బండి బయటపడేదని కాదు. కానీ ముప్పై ఏళ్ళ ఆయన విద్య నా కంటికి ఒక కాగితం ముక్కపాటి విలువ కూడా చేయలేదు.

పాడె లేపేముందు పిన్ని నా చేయి పట్టుకుంది. "నువ్వు రాసిన ఉత్తరం ముచ్చట అందరికీ చెప్పుకునేటోడమ్మా." ఆమెకూ నిజం చెప్పలేకపోయాను.

మిల్లు రోడ్డు ఎక్కగానే ఎదురొస్తున్న వెదురు లారీలు ఒక్కొక్కటిగా ఆగాయి. డ్రైవర్లు చెప్పులు విడిచి కిందికి దిగి నిలబడ్డారు. ఇంజన్లన్నీ ఊరుకున్న ఆ రోడ్డు మీద డప్పొక్కటే గోదావరి దాకా వినిపించింది.